పనికిరాదనే ముందు మూత తీసి చూశారా?

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అని సామెత. బీఏలో తెలుగు చదివినదాన్ని, సామెతలంటే నాకు గౌరవమే. కానీ ఈ ఒక్కదానితో నాకు పేచీ ఉంది. ఇది చెప్పేవాళ్ళెవరూ పాత వస్తువు మూత తీసి, లోపల చూసి చెప్పరు. పైన దుమ్ము చూసి చెప్తారు.

పోయిన ఎండాకాలం లాల్‌దర్వాజాలో మా పుట్టింటిని ఖాళీ చేశాం. నాయన పోయి ఏడాది దాటింది. ఇల్లు అద్దెకిద్దామని అన్న అనుకున్నాడు. అటక మీది సామాను దించుతుంటే నల్లటి రెక్సిన్ పెట్టె ఒకటి బయటపడింది. చూడగానే గుర్తుపట్టాను. నాయన సినిమా మిషను. సూపర్ 8 ప్రొజెక్టరు.

నాయన పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసేవారు. ఆ రోజుల్లో పాతబస్తీ నుంచి గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు చాలామంది. వచ్చేటప్పుడు టేప్‌రికార్డర్లు, కెమెరాలు తెచ్చి, డబ్బు అవసరమైతే ఇక్కడ అమ్మేసేవాళ్ళు. కువైట్ నుంచి వచ్చిన ఒక ఖాతాదారు దగ్గర నాయన ఈ ప్రొజెక్టరు, దాని జత కెమెరా కొన్నారు. జీతంలోంచి నెలనెలా కట్టుకున్నారు. “పిల్లలకు బట్టల్లేవు గని సినిమా మిషనట” అని నానమ్మ ఎన్నేళ్ళు దెప్పిందో లెక్కలేదు. 1987లో అమ్మ పోయింది. అప్పుడు నాకు ఆరేళ్ళు. ఆ తర్వాత నాయన ఆ మిషను బయటికి తీయలేదు.

పెట్టెతోపాటు రెండు చిన్న రీళ్ళు. ఒకదాని డబ్బా మీద నాయన చేతిరాత: బోనాలు, 1983. రెండోది ఆయన మా కోసం కొన్న బొమ్మల రీలు.

“బోనాల రీలు నేను ఇచ్చి పెన్‌డ్రైవుల ఎక్కిపిస్తతీ. మిషను పాత సామానాయనకు ఇచ్చేయ్. పనికిరాదు” అన్నాడు అన్న.

“పనికిరాదని ఎట్ల తెలుసు?”

“ముప్పై ఏండ్ల మీద అయింది గదనే. ఇంక పనికొస్తదా?”

చూశారా, ఇదీ మన ఇళ్ళలో తీర్పులు చెప్పే పద్ధతి. విచారణ లేదు, సాక్ష్యం లేదు. వయసు చూసి శిక్ష వేయడమే. అన్న చెడ్డవాడు కాదు, నాకు రెండో నాయన లాంటివాడు. అందుకే ఇది మా అన్న మీద రాస్తున్న వ్యాసం కాదు. ఆ ఒక్క మాట మీద రాస్తున్నది.

మిషనుని ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆయనని తోడు తీసుకుని ఒక పెద్ద కెమెరాల దుకాణానికి వెళ్ళాను. పెట్టె మోసింది నేను, బల్ల మీద పెట్టింది నేను, సంగతి చెప్పింది నేను. ఆ కుర్రాడు మూత మీద వేలు కూడా పెట్టకుండా మా ఆయన వైపు తిరిగి, “సార్, వీటికి పార్టులు రావు. మేడమ్‌కి సెంటిమెంట్ ఉంటే షోకేసులో పెట్టుకోమనండి” అన్నాడు.

నేను ఎదురుగానే ఉన్నాను. మూడు అడుగుల దూరంలో.

మీలో ఎవరికి ఇలా జరగలేదో చెప్పండి. బండి రిపేరుకి మనం తీసుకెళ్తే బిల్లు సంగతి మనకి చెప్తారు, రోగం సంగతి ఇంట్లో మగవాళ్ళకి ఫోన్ చేసి చెప్తారు. మిషన్లు మగవాళ్ళవి, సెంటిమెంట్లు ఆడవాళ్ళవి అని ఎవరు పంచిపెట్టారో తెలియదు. ఇంట్లో రోజూ మిషన్లతో వేగేది ఎవరు? కుక్కరు ఆవిరి పక్కనించి పోతుంటే గాస్కెట్ సాగిందని చెప్పేది ఎవరు? మిక్సీ శబ్దం మారగానే జారు కింద కప్లర్ అరిగిందని వంటింట్లోంచే కేకేసేది ఎవరు? మనమే. కానీ దాన్ని ఎవరూ మిషను తెలియడం అనరు. మనమూ అనం. “ఏమో, నాకేం తెలుసు” అంటాం. ఆ కుర్రాడి కంటే ముందు నాకు కోపం రావాల్సింది ఈ మాట మీద. ఎందుకంటే ఆ రోజు నేనూ నోరు మూసుకునే ఇంటికి వచ్చాను.

రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు ఒక్కదాన్నే ఆటో ఎక్కి పత్తర్‌గట్టికి వెళ్ళాను.

పత్తర్‌గట్టి తెలియనివాళ్ళకి రెండు మాటలు. చార్మినార్ నుంచి మదీనా వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా రాతి కమానుల వరసలు కనిపిస్తాయి, అదే. 1908లో మూసీ వరద ఊరిని ముంచెత్తాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు కట్టించిన వరస ఇది. కమానుల కింద ముత్యాలు, పెళ్ళిబట్టలు, అత్తరు. వెనక సందుల్లోకి వెళ్తే కుట్టుపని చేసేవాళ్ళు, వాళ్ళ మిషన్లు బాగుచేసేవాళ్ళు. నా పెళ్ళప్పటి కుట్టుమిషన్‌ని ఇరవై ఏళ్ళుగా చూస్తున్న చాచా అక్కడే, ఒక మెట్ల కింద అంత చోటులో కూర్చుంటారు.

పెట్టె చూసి చాచా నవ్వారు. “ఇది నేనెప్పుడూ విప్పలే బేటీ. కానీ మిషనే గదా. ఏం చేస్తుంది, ఏం చేస్తలేదు, ముందు అది చెప్పు.”

ఈ ఒక్క ప్రశ్న అన్న అడగలేదు, దుకాణం కుర్రాడు అడగలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా నన్ను అడుగుకోలేదు.

వెనకాల ఓల్టేజీ మీట చూసుకున్నాం, 220 దగ్గరే ఉంది. తీగ ఎక్కడా చిట్లలేదు. ఫిల్ము పెట్టకుండా ప్లగ్గు పెట్టాం. లోపల మోటారు మూలిగింది. చక్రాలు తిరగలేదు. దీపం వెలగలేదు. చాచా వెంటనే ప్లగ్గు తీసేసి వేళ్ళు మడిచారు. మోటారుకి ప్రాణం ఉంది. చక్రాలకి అందడం లేదు. దీపం సంగతి వేరు. “మూడు సంగతులని కలిపి ఒకటే రోగం అనుకుంటే ఎవరైనా చేతులెత్తేస్తారు.”

పులుసు కుదరకపోతే మనం చేసేదీ ఇదే కదా. ఉప్పు తక్కువా, పులుపు ఎక్కువా, సరిగా మరగలేదా అని విడివిడిగా చూస్తాం. గిన్నెతో సహా పారబోయం.

నాలుగు మరలు విప్పి మూత తీశారు. లోపల మొదట కనిపించింది ముదురుపాకం మాడినట్టు నల్లటి జిగురు. ఒకప్పుడు అది రబ్బరు బెల్టు. మోటారు నుంచి చక్రాలకి కదలిక అందించేది అదే. రబ్బరు ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే ఇలా కరిగిపోతుందట. దాని పక్కన ఎప్పుడో పెట్టిన గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. అంతే. ముప్పై ఏళ్ళుగా “చచ్చిపోయింది” అనుకున్న మిషనుకి ఉన్న పెద్ద జబ్బు ఒక రబ్బరు బెల్టు, కాస్త ఎండిన గ్రీజు.

రెండోది కనిపించగానే నేను కొయ్యబారిపోయాను. వెనక చక్రానికి ఒక రీలు చుట్టి ఉంది. పక్క తలుపు మూసి ఉండటంతో ఎవరూ చూడలేదు. నాయన చివరిసారి ఆడించి, తీయకుండానే వదిలేసిన రీలు. మిషనుని తూకానికి ఇచ్చేసి ఉంటే అదీ తూకంలోనే పోయేది.

అది తర్వాత చెప్తాను. ముందు మిషను సంగతి.

నేను టైలరింగ్ నేర్చుకున్నదాన్ని. చాచా ఫిల్ము వెళ్ళే దారి చూపిస్తుంటే నాకు ఆశ్చర్యం వేసింది. కుట్టుమిషన్‌లో సూది బట్టలోంచి పైకి లేచినప్పుడే కింది పళ్ళు బట్టని ఒక అడుగు ముందుకు జరుపుతాయి. సూది బట్టలో ఉన్నంతసేపు బట్ట కదలదు. ప్రొజెక్టరులోనూ ఇదే వరస. ఒక చిన్న గోరులాంటి కొక్కెం ఫిల్ము అంచు కన్నంలో దిగి, ఒక్క బొమ్మంత మేర లాగి, బయటికి వచ్చేస్తుంది. లాగేటప్పుడు ఒక రెక్క దీపానికి అడ్డం వస్తుంది. బొమ్మ ఆగాక రెక్క తొలగి వెలుగు పడుతుంది. సెకనుకి 18 సార్లు. అంటే తెర మీద మనం చూసేది కదిలే బొమ్మ కాదు, ఆగి ఆగి నిలబడే బొమ్మలు. కుట్టు మీద కుట్టు పడి చివరికి ఒక గీతలా కనిపించినట్టు.

ఇది నా కవిత్వం కాదు. ఫ్రాన్సులో లూయీ లూమియేర్‌కి ఫిల్ముని ఆపి ఆపి నడపడం ఎలాగో తెగక, నిద్రపట్టని ఒక రాత్రి కుట్టుమిషన్‌లో పాదాన్ని ఆడించే ఏర్పాటు తట్టిందని సినిమా చరిత్రలో చెప్తారు. 1895 ఫిబ్రవరిలో అన్నదమ్ముల పేరు మీద పేటెంటు వచ్చింది. ఆ డిసెంబరు 28న పారిస్‌లో టికెట్టు పెట్టి చూపించారు. మరుసటి ఏడాది జులై 7న బొంబాయిలో వాట్సన్ హోటల్లోనూ చూపించారు. వాళ్ళు తీసిన మొదటి బొమ్మల్లో ఒకటి ఫ్యాక్టరీ విడిచిపెట్టాక బయటికి వస్తున్న పనివాళ్ళది. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళే.

సినిమా మిషను మన కుట్టుమిషన్ కడుపున పుట్టిందన్నమాట. నా చేతుల కింద ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న యంత్రానికి అది బిడ్డ వరస. దాన్ని తీసుకెళ్ళి బల్ల మీద పెడితే, “మేడమ్‌కి సెంటిమెంట్”!

బాగుచేయడం కథ పెద్దదేం కాదు. జిగురుని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాం. ఒక మధ్యాహ్నమంతా పట్టింది, నా గోళ్ళు వారం రోజులు నల్లగానే ఉన్నాయి. కొత్త బెల్టు కోసం వంటింటి రబ్బరు బ్యాండు వేసి చూశాను, రెండు నిమిషాల్లో సాగిపోయింది. అది నా తప్పు, చాచా ముందే వద్దన్నారు. తర్వాత నూలుదారంతో చక్రాల చుట్టుకొలత తీసి, బిగువు కోసం కాస్త తగ్గించి, మోటారు సామాను అమ్మే దుకాణంలో ఆ కొలతకి గుండ్రటి రబ్బరు రింగు తెచ్చాను. ఎండిన గ్రీజు తీసేసి, తిరిగే చోట్ల కుట్టుమిషన్ నూనె ఒక్కొక్క చుక్క. బెల్టు మీద, ఫిల్ము వెళ్ళే దారిలో మాత్రం నూనె తగలకూడదు. కిటికీలాంటి సందులో పేరుకున్న మురికిని మెత్తటి బ్రష్షుతో, చీపురుపుల్లకి చుట్టిన దూదితో తీశాం. ఇనుప మొన తగిలితే అక్కడ పడిన గీత ఇకమీద ప్రతి రీలు మీదా పడుతుంది.

దీపం 12 ఓల్టుల హాలోజెన్ బల్బు. మాడిపోయింది. పాత బల్బు అంచు మీది అంకెలు కాగితం మీద రాసుకుని కోఠీలో సర్జికల్ సామాను దుకాణాలు తిరిగాను. ఈ తరహా బల్బులు వైద్యపరికరాల్లోనూ వాడతారు. మూడో దుకాణంలో దొరికింది. దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు అంటిన చోట వేడెక్కి గాజు పగులుతుంది. నేను పాత చీర ముక్కతో పట్టుకున్నాను.

మొత్తం ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు. చాచా మజూరీ తీసుకోనన్నారు, బలవంతాన చేతిలో పెట్టాను. ఇష్టం వేరు, కష్టం వేరు.

మొదట బొమ్మల రీలు పెట్టి చూశాం, పోయినా బాధలేనిది కదా. బొమ్మ గజగజ వణికింది. కొక్కెం ఆగి ఆగి లాగుతుంటే, చక్రం ఆగకుండా తిరుగుతుంటుంది. రెండింటికీ మధ్య ఫిల్ముని కాస్త వదులుగా, ఉచ్చులా వదలాలి. నేను బిగించి ఎక్కించాను. దారం బిగువు ఎక్కువైతే కుట్టు ఎలా ముడుచుకుంటుందో అలా. పైనా కిందా కొంచెం వదులు ఇవ్వగానే బొమ్మ నిలబడింది.

ఇప్పుడు మీ అభ్యంతరాలకి వస్తాను. ఇంట్లో వాళ్ళు అన్నవన్నీ మీరూ అనుకుంటూ ఉంటారు.

“పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తే సరిపోదా?” ఎక్కించాలి. ఎక్కించాను కూడా. పాత ఫిల్ము కుంచించుకుపోతుంది, పెళుసుబారుతుంది. వెనిగర్ వాసన వస్తుంటే అది చెడుతున్నట్టు లెక్క, అలాంటిదాన్ని ప్రొజెక్టరులో అసలు పెట్టకూడదు. ఎక్కించి దాచుకోవడానికి నేను వ్యతిరేకం కాదు. ఎక్కించాం కాబట్టి అసలుది పారేయొచ్చు అనడానికే వ్యతిరేకం. అన్న ఎక్కిస్తానన్నది డబ్బా మీద పేరున్న రీలుని. పేరు లేనిది మిషను లోపల ఉంది. పేరున్నవే దాచుకుంటే ఆడవాళ్ళ జీవితంలో ఏం మిగులుతుంది చెప్పండి?

“అన్నీ దాచుకుంటూ పోతే ఇల్లు గోదాము అవదా?” అవుతుంది. నేను అన్నీ దాచమనడం లేదు. ఆ అటక మీదే పాడైన టీవీ ఉంటే నేనే ఇప్పించేశాను, లోపల పిక్చర్ ట్యూబ్ పగిలి ఉంది. చూశాకే ఇచ్చాను. నా వాదన అంతే. ముందు మూత తీయండి, తర్వాత తీర్పు చెప్పండి. విరిగినది వేరు, విడిచిపెట్టినది వేరు.

“ఇప్పటి వస్తువులకి మూతే రాదు కదా?” ఇది మాత్రం నిజం. నలభై ఏళ్ళ నాటి ప్రొజెక్టరుకి నాలుగు మరలున్నాయి. నా ఫోనుకి జిగురు పూసి అతికించారు. ఇది పొరపాటున జరిగింది కాదు, తెరవకూడదనే చేసింది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. కొన్న వస్తువుని బాగుచేసుకోవడం కూడా హక్కేనని ఒప్పుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్‌మా అనే ఆవిడ 2009లో రిపేర్ కేఫ్ మొదలుపెట్టింది. చెడిన వస్తువు తెచ్చుకుని, తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని, ఎవరిది వాళ్ళు బాగుచేసుకునే చోటు. ఇప్పుడది ఎన్నో దేశాల్లో ఉంది. మనకి ఆ పేరు లేదు గానీ, పత్తర్‌గట్టి వెనక సందులో మెట్ల కింద ఆ చోటు ఎప్పటినుంచో ఉంది. మనం వెళ్ళడం మానేస్తే అదీ ఉండదు. చాచా కొడుకులిద్దరూ ఈ పనిలోకి రాలేదు.

2019 మేలో చార్మినార్ మినారు నుంచి గార పెచ్చు ఒకటి ఊడిపడింది. నాలుగు వందల ఏళ్ళు దాటిన కట్టడం, ఇక పనికిరాదు, పడగొట్టండి అని ఎవరైనా అన్నారా? సున్నంతో మళ్ళీ సరిచేశారు. సుల్తాను కట్టించినదానికి ఇచ్చే ఆ మర్యాద, ఒక గుమాస్తా నెలనెలా కట్టి కొన్నదానికి ఎందుకు ఇవ్వం?

ఇక ఆ రీలు.

ఆదివారం రాత్రి అన్ననీ వదిననీ పిలిచాను. గోడకి తెల్ల దుప్పటి కట్టాం. ముందు వాసన చూశాను, అంచు కన్నాలు చూశాను, బాగానే ఉంది. చిన్న రీలు, మూడు నిమిషాల ఇరవై సెకన్లు. మాటల్లేవు. లాల్‌దర్వాజా ఇంటి ముందు పొద్దుటి ఎండ. అమ్మ వాకిట్లో వంగి ముగ్గు వేస్తోంది. కెమెరా చూసి, తీయొద్దని చెయ్యి ఊపి, మళ్ళీ వంగింది.

ముగ్గు వేస్తున్నది ఎడమ చేత్తో.

నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు నానమ్మ నా ఎడమ చేతి మీద గరిటెతో కొట్టి కుడిచేత్తో తినడం, రాయడం నేర్పింది. “ఈ దరిద్రపు వాటం ఎక్కడినుంచి వచ్చిందో” అనేది. ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకి తెలియకుండా ఉంటుందా? ఎవరూ నాకు చెప్పలేదు. అన్న దుప్పటి వైపే చూస్తూ, “అవునే, అమ్మది ఎడమచెయ్యే” అన్నాడు. అమ్మ పోయినప్పుడు వాడికి పదేళ్ళు. ఇన్నేళ్ళూ గుర్తుంది, చెప్పాలని తోచలేదు.

రీలు అయిపోయాక అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి ప్రొజెక్టరు దగ్గరికి వెళ్ళి, “ఈ బెల్టు ఎక్కడ దొరికింది?” అని అడిగాడు. నన్నే అడిగాడు, మా ఆయన్ని కాదు.

మీ ఇంట్లో కూడా అటక మీదో, మంచం కిందో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అమ్మ టేప్‌రికార్డరు, అత్తమ్మ కుట్టుమిషన్, ఎవరిదో గడియారం. ఈ వారం దాన్ని కిందికి దించండి. ప్లగ్గులో ఉంటే తీసేయండి, మరలు విప్పండి, విప్పిన మరలని వరసగా ఒక పళ్ళెంలో పెట్టుకోండి. ఏం చేస్తోంది, ఏం చేయడం లేదు అని అడగండి. మీకు తెలియకపోతే తెలిసినవాళ్ళ పక్కన కూర్చోండి, కానీ వస్తువు వాళ్ళకి అప్పజెప్పి ఇంటికి రాకండి. ఇంకా పనికిరాదనిపిస్తే అప్పుడు పారేయండి, నేను అడ్డురాను.

ఏం దొరికిందో మాత్రం నాకు రాయండి.